సర్వీస్ క్లబ్ మీటింగులు, పిల్లలకి మెంటరింగ్: బరంపురం, పర్లాకిమిడి వైపు మనవాళ్ళు మొదలుపెట్టాలంటే ఎలా

ఒడిశాలో బరంపురం, పర్లాకిమిడి, రాయగడ, జయపురం ఇలా మన తెలుగువాళ్ళు ఉన్న ఊళ్ళలో సర్వీస్ క్లబ్బులకి కొదవేం లేదు. రక్తదాన శిబిరం, కంటి శిబిరం, ఎండాకాలం చలివేంద్రం, చలికాలం దుప్పట్లు, ఇవన్నీ మనవాళ్ళు బాగానే చేస్తారు. కానీ అవన్నీ ఒక్క పూట పనులు, పొద్దున మొదలెడితే సాయంత్రానికి అయిపోతాయి. ఎనిమిదో క్లాసు పిల్లాడినో పిల్లనో పట్టుకుని వాళ్ళు పది దాటి ఏదో ఒక దారిలో పడేదాకా వారం వారం వెళ్ళి పక్కన కూర్చోవడం అలాంటిది కాదు, దీనికి డబ్బు కంటే ముందు మనిషి కావాలి, ఆ మనిషి రెండేళ్ళు నిలబడాలంటే వెనకాల క్లబ్బు మీటింగ్ సరిగ్గా నడవాలి. మీటింగ్ ఒక పక్క, మెంటరింగ్ ఒక పక్క అని విడదీసి చూసిన చోటల్లా ఈ పని ఆర్నెల్లకే ఆగిపోవడం చూశాను, అందుకే ఇక్కడ రెండూ కలిపే రాస్తున్నా.

ముందు మీరు ఏ గొడుగు కింద ఉన్నారో తేల్చుకోండి

రోటరీ 1905 ఫిబ్రవరి 23న షికాగోలో మొదలైంది, లయన్స్ 1917లో, అదీ అక్కడే. రోటరీ మన దేశానికి 1919-20లో కలకత్తా ద్వారా వచ్చింది, లయన్స్ 1956లో బొంబాయి ద్వారా. ఇంత పాత సంస్థలు కాబట్టి పిల్లల కోసం, కుర్రాళ్ళ కోసం వాళ్ళకి ఇప్పటికే అచ్చులు తయారుగా ఉన్నాయి. రోటరీలో 12 నుంచి 18 ఏళ్ళ పిల్లలకి ఇంటరాక్ట్ ఉంది, 1962 నుంచి నడుస్తోంది, 18 దాటినవాళ్ళకి రోటరాక్ట్, ఇది 1968లో వచ్చింది. లయన్స్ లో లియో క్లబ్బులు ఉన్నాయి. మీరు ఇప్పటికే వీటిలో ఏదో ఒకదాంట్లో మెంబరైతే కొత్తగా ఏదీ పెట్టక్కర్లేదు, దగ్గర్లో ఉన్న ఒక హైస్కూల్లో ఇంటరాక్ట్ క్లబ్బుకి మీ క్లబ్బు స్పాన్సర్ గా ఉండి దాని పక్కనే మెంటరింగ్ పెట్టుకోవచ్చు. రెండూ ఒకటి కాదని మాత్రం గుర్తుంచుకోండి, ఇంటరాక్ట్ అంటే పిల్లలే సేవ చేయడం నేర్చుకునేది, మెంటరింగ్ అంటే ఒక పెద్దమనిషి ఒక పిల్లకి తోడుగా ఉండడం.

అవేవీ లేకుండా మీ వీధి సంఘమో, తెలుగు సంఘమో, పాత విద్యార్థుల సంఘమో అయితే ముందు 1860 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద రిజిస్టర్ అయి ఉందో లేదో చూసుకోండి, లేకపోతే మొదటి ఏడాది రిజిస్టర్ అయిన సంస్థతో కలిసి పని చేయండి. స్కూలు హెడ్ సార్ దగ్గరికి వెళ్ళేటప్పుడు చేతిలో లెటర్ హెడ్, వెనకాల ఒక బాధ్యత గల కమిటీ ఉండాలి, ఊరికే నలుగురం కలిసి వచ్చాం అంటే ఆయన పిల్లల్ని మీకు ఎందుకు అప్పగిస్తాడు, అప్పగించకూడదు కూడా.

మీటింగ్ ఎలా నడపాలి

మన క్లబ్ మీటింగులు ఎక్కువగా ఎలా ఉంటాయో అందరికీ తెల్సిందే. ఏడుకి అని చెప్తే ఏడున్నరకి జనం వస్తారు, జ్యోతి ప్రజ్వలన, బొకేలు, శాలువాలు, ముఖ్య అతిథి ప్రసంగం, ఎనిమిదిన్నరకి ఎవరో "భోజనాలు చల్లారిపోతున్నాయి" అంటారు, అప్పుడు ప్రాజెక్టుల గురించి రెండు ముక్కలు, వందన సమర్పణ, అయిపోయింది. అతిథిని గౌరవించడం తప్పేం కాదు, కానీ పిల్లల మాట ఆఖర్న పెడితే దానికి టైమ్ ఎప్పటికీ దొరకదు.

ఒకప్పుడు రోటరీలో ప్రతి వారం మీటింగ్ ఉండాల్సిందే, 2016 నుంచి క్లబ్బులకి వెసులుబాటు ఇచ్చారు, నెలకి కనీసం రెండు పెట్టుకుంటే చాలు. ఈ రెండునే వాడుకోండి. ఒకటి అందరి మీటింగ్, అతిథులు, భోజనాలు, కుటుంబాలు, అన్నీ ఉండనివ్వండి. రెండోది పని మీటింగ్, గంటంటే గంట, టీ తప్ప ఇంకేం వద్దు. ఈ రెండోదాన్ని క్లబ్బు హాల్లో కాకుండా ఒక్కోసారి ఒక్కో సాహిలో, అంటే మీ పిల్లలు ఉండే వీధుల్లో, ఎవరి ఇంటి అరుగు మీదో, కమ్యూనిటీ హాల్లోనో పెట్టండి. అసలు రోటరీ అన్న పేరు వచ్చిందే మొదట్లో మెంబర్లు ఒక్కోసారి ఒక్కొక్కరి ఆఫీసులో కలిసేవాళ్ళు కాబట్టి, అలా తిరగడం వాళ్ళకి కొత్తేం కాదు. ఎనిమిదో క్లాసు పిల్లాడు ఏ గల్లీలోంచి స్కూల్ కి వెళ్తున్నాడో, మగ్గం ఉన్న ఒక్క గదిలో పుస్తకం ఎక్కడ పెట్టుకుంటాడో కళ్ళతో చూసిన మెంబర్ మళ్ళీ మీటింగ్ కి రాకుండా ఉండలేడు.

పని మీటింగ్ లో నేను చెప్పే వరస ఇది. మొదటి ఇరవై నిమిషాలు పిల్లల సంగతి, ఒక్కో మెంటర్ రెండు నిమిషాలు, ఈ నెల ఎన్నిసార్లు కలిశాం, ఏం గమనించాం, క్లబ్బు నుంచి ఏం కావాలి, ఈ మూడే. పిల్లల పేర్లు అనొద్దు, నంబర్లు పెట్టుకోండి, "నాలుగో నంబర్ అమ్మాయికి కళ్ళద్దాలు కావాలి" అంటే చాలు, ఎవరింటి పిల్ల అన్నది మెంటర్ కీ, కోఆర్డినేటర్ కీ తెలిస్తే సరిపోతుంది, చిన్న ఊళ్ళలో మాట ఎంత తొందరగా తిరుగుతుందో మీకు చెప్పక్కర్లేదు కదా. తర్వాత పదిహేను నిమిషాలు అడిగినవాటికి అక్కడికక్కడే జవాబు. తర్వాత పది నిమిషాలు డబ్బు లెక్క. మిగిలిన టైమ్ లో ఒక మెంటర్ ఎదురైన కష్టం ఒకటి చెప్తే మిగతావాళ్ళు మాట్లాడాలి.

మినిట్స్ పుస్తకంలో ఉపన్యాసాలు రాయకండి. ఎవరు, ఏం, ఎప్పటికి, మూడు గళ్ళు గీసి రాయండి. ఇలా ఉండాలి: "నం. 4 కళ్ళద్దాలు, మన డాక్టర్ గారు, వచ్చే బుధవారం లోపు. నం. 7 ఆధార్ లో పేరు, సెక్రటరీ, 20వ తారీఖు." మళ్ళీ మీటింగ్ మొదలయ్యేది ఈ లైన్లు చదవడంతోనే, అయిందా కాలేదా, కాకపోతే ఎందుకు, ఎవరికి మార్చాలి. పెద్దమనిషి కదా అడిగితే బాగోదేమో అని ఊరుకోకండి, మర్యాదగా "గురువుగారూ, నాలుగో నంబర్ అద్దాల సంగతి ఎంతవరకు వచ్చిందండీ" అని అడగండి, ఆయనా సంతోషిస్తారు తన పని గుర్తుపెట్టుకున్నందుకు.

భాష గురించి గొడవ పడకండి. మన క్లబ్బుల్లో ఒడియా మెంబర్లు, తెలుగు మెంబర్లు, మార్వాడీ వ్యాపారస్థులు అందరూ ఉంటారు, ఎవరికి వచ్చిన భాషలో వాళ్ళు మాట్లాడొచ్చు అని మొదటి రోజే చెప్పేయండి, మినిట్స్ మాత్రం అందరూ చదవగలిగే భాషలో ఉండాలి, అది ఒడియానో ఇంగ్లీషో మీరే చూసుకోండి.

ఇంకో పెద్ద సంగతి. రోటరీలో, లయన్స్ లో ఏడాది జూలై 1న మారుతుంది, కొత్త ప్రెసిడెంట్ వస్తారు, ఆయనకి తనదంటూ ఒక ప్రాజెక్ట్ కావాలని ఉంటుంది, అది సహజమే. కానీ మన పిల్లల స్కూలు ఏడాది జూలైకి మారదు, అప్పటికి క్లాసులు మొదలై నడుస్తూ ఉంటాయి. ప్రెసిడెంట్ తో పాటు మెంటరింగ్ కూడా మారిపోతే మధ్యలో నష్టపోయేది పిల్లలే. కాబట్టి మెంటరింగ్ కమిటీకి మూడేళ్ళ గడువు పెట్టి, ఏడాదికి మూడో వంతు మంది మాత్రమే మారేలా తీర్మానం చేయించి మినిట్స్ లో రాయించండి. ఈ ఒక్క తీర్మానం కోసం ఎంత బతిమాలినా తప్పులేదు, మిగతా అన్నిటికంటే ఇదే ముఖ్యం అని నా నమ్మకం.

మెంటర్ గా ఎవర్ని తీసుకోవాలి

పెద్ద చదువు, పెద్ద ఉద్యోగం అక్కర్లేదు. వారానికి గంటన్నర కచ్చితంగా ఇవ్వగలగాలి, కనీసం ఏడాది ఈ ఊళ్ళో ఉండాలి, పిల్లలు చెప్పేది మధ్యలో తుంచకుండా వినగలగాలి. ట్రాన్స్‌ఫర్లు ఉండే బ్యాంకు వాళ్ళని, రైల్వే వాళ్ళని వద్దనను, కానీ ముందే అడగండి "ఏడాది లోపు బదిలీ వచ్చే ఛాన్స్ ఉందా అండీ" అని. ఉందంటే వాళ్ళని ఒక్కో పిల్లకి కాకుండా గ్రూపుగా చెప్పే క్లాసులకి వాడుకోండి.

ఎందుకింత పట్టుదల అంటే, జీన్ గ్రాస్‌మన్, జీన్ రోడ్స్ అని ఇద్దరు అమెరికాలో ఇదే పని మీద చేసిన పరిశోధన 2002లో వచ్చింది. ఏడాదీ అంతకంటే ఎక్కువా సాగిన జతల్లో పిల్లలకి ఎక్కువ మేలు కనిపించింది, మూడు నెలల లోపే తెగిపోయిన జతల్లో మాత్రం పిల్లలకి తమ మీద తమకున్న నమ్మకం ముందుకంటే తగ్గింది. అంటే మధ్యలో వదిలేయడం కంటే అసలు మొదలుపెట్టకపోవడమే నయం. నాన్న సూరత్ మరమగ్గాల్లో పని చేస్తూ ఏడాదికోసారి వచ్చే ఇళ్ళు గంజాం జిల్లాలో చాలా ఉన్నాయి, అలాంటి ఇంటి పిల్లాడికి మళ్ళీ ఇంకో మనిషి వచ్చి మాయమైపోతే ఎలా ఉంటుందో ఆలోచించండి.

ఆడపిల్లలకి ఆడవాళ్ళే మెంటర్లుగా ఉండాలి. క్లబ్బులో ఆడవాళ్ళు తక్కువ ఉంటే మెంబర్ కాని టీచరమ్మలు, నర్సులు, బ్యాంకులో చేసే అమ్మాయిలు, రిటైరైన అమ్మలు, వీళ్ళని వాలంటీర్లుగా తీసుకోండి, మెంబర్‌షిప్ ఫీజు కడితేనే రానిస్తాం అనకండి.

పిల్లల రక్షణ: ఇందులో మొహమాటం వద్దు

ఇది చదవకుండా కిందకి వెళ్ళిపోకండి దయచేసి.

ప్రతి వాలంటీర్ దగ్గర అప్లికేషన్, ఐడీ కాపీ, ఇద్దరు తెలిసినవాళ్ళ పేర్లు తీసుకుని ఆ ఇద్దరితో ఫోన్ లో నిజంగా మాట్లాడండి, పోలీసు వెరిఫికేషన్ చేయించండి. "నన్ను అనుమానిస్తారా" అని ఎవరైనా నొచ్చుకుంటే ప్రెసిడెంట్ గారి ఫారం ముందు చూపించండి, అందరికంటే ముందు ఆయనదే నింపించి పెట్టుకోవాలి. 2012 నాటి పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం పిల్లల మీద లైంగిక నేరం జరిగిందని తెలిసినా, జరగొచ్చని అనుమానం ఉన్నా పోలీసులకి చెప్పాల్సిందే, చెప్పకపోతే 21వ సెక్షన్ కింద శిక్ష ఉంది. అంటే "క్లబ్బు పరువు పోతుంది, మనలో మనం చూసుకుందాం" అన్న మాటకి అసలు చోటే లేదు. చైల్డ్ హెల్ప్‌లైన్ 1098 నంబర్ ప్రతి మెంటర్ ఫోన్ లోనూ, కలిసే చోట గోడ మీదా ఉండాలి.

మిగతావి రోజువారీ నియమాలు. కలిసేది ఎప్పుడూ స్కూల్లోనో లైబ్రరీలోనో నలుగురూ కనపడే చోటే, తలుపు వేసిన గదిలో కాదు, మెంటర్ ఇంట్లో అసలు కాదు. బండి మీద ఒక్కళ్ళనీ ఎక్కించుకుని వెళ్ళకండి. రాత్రి ఎనిమిది తర్వాత పిల్లలకి ఫోన్లు, మెసేజ్ లు వద్దు, చెప్పాల్సింది అమ్మానాన్నల ఫోన్ కే చెప్పండి. ఫోటోల సంగతి గట్టిగా చెప్తున్నా, పిల్లకి బ్యాగు ఇస్తూ తీసిన ఫోటో క్లబ్ గ్రూపులో పెట్టడం మానేయండి. ఆ పిల్ల రేపు అదే స్కూల్లో తల ఎత్తుకుని తిరగాలి. రిపోర్టులకి ఫోటో కావాలంటే మెంటర్ల ట్రైనింగ్ ఫోటో పెట్టుకోండి.

పిల్లల్ని ఎలా ఎంచాలి

నా సలహా ఎనిమిదో క్లాసు. విద్యాహక్కు చట్టం 6 నుంచి 14 ఏళ్ళ దాకా, అంటే ఎనిమిది దాకా చూస్తుంది, ఆ తర్వాతే జారిపోవడం మొదలవుతుంది, మగపిల్లాడైతే మామయ్యతో సూరత్ రైలు ఎక్కడం, ఆడపిల్లైతే ఇంట్లో మగ్గం పనికో చెల్లెళ్ళని చూసుకోవడానికో ఆగిపోవడం. పైగా స్కాలర్‌షిప్ పరీక్ష కూడా ఎనిమిదిలోనే వస్తుంది, దాని గురించి కింద రాస్తా.

మీరు వెళ్ళి పిల్లల్ని వరసలో నిలబెట్టి ఎంచకండి. ముందు హెడ్ సార్ తో మాట్లాడి, తర్వాత స్కూల్ మేనేజ్‌మెంట్ కమిటీ ముందు చెప్పండి, ఆ కమిటీలో నాలుగింట మూడు వంతుల మంది తల్లిదండ్రులే ఉండాలని చట్టం, కాబట్టి అక్కడ ఒప్పుకుంటే వీధిలో సగం పని అయిపోయినట్టే. క్లాసు టీచర్ ని అడగాల్సింది "ఎవరు బాగా చదువుతారు" అని కాదు, "ఎవరు ఈ మధ్య రావడం తగ్గించారు, ఎవరు వెనక బెంచీలో మాట్లాడకుండా కూర్చుంటున్నారు" అని. బాగా చదివేవాళ్ళని చూసుకోవడానికి ఎలాగూ చాలామంది ఉంటారు. మొదటి ఏడాది ఎనిమిది పదిమంది కంటే ఎక్కువ తీసుకోకండి, ఎంతమంది మెంటర్లుంటే అంతమందే పిల్లలు.

ఇంటికి వెళ్ళేటప్పుడు తెలుగు వచ్చినవాళ్ళు ఒకరు తప్పకుండా ఉండాలి. చాలామంది అమ్మలకి ఒడియా మాట్లాడడం వస్తుంది కానీ పిల్లల పుస్తకం చదవలేరు, ఇంట్లో తెలుగు, బళ్ళో ఒడియా, స్కూలు నుంచి కాగితం వస్తే దాంట్లో ఏముందో పిల్లాడు చెప్పిందే వాళ్ళకి తెలుస్తుంది. "సదువు సంగతి నాకేటి తెల్దు బావూ, ఆల్నాన్న ఏడాదికోపాలి వస్తాడు, నువ్వే సూడాల" అంటుంది ఆ తల్లి. అక్కడ మనం "మేం చూసుకుంటాం లెండి" అనకూడదు. ఆమె చేయగలిగింది ఒకటి అడగాలి, "అమ్మా, శనివారం నాలుగున్నరకి పిల్లాడు మా దగ్గరకి వచ్చేలా పంపడం మీ పని, మిగతాది మా పని, రాలేకపోతే ఫోన్ చెయ్యండి" అని. ఒప్పుకున్న కాగితం తెలుగులో చదివి వినిపించి, అర్థమైందని చెప్పాకే సంతకమో వేలిముద్రో తీసుకోండి.

మెంటర్లకి ట్రైనింగ్

రెండు సాయంత్రాలు చాలు. మొదటి రోజు పైన చెప్పిన రక్షణ నియమాలు, రెండో రోజు మాట్లాడే పద్ధతి.

మనవాళ్ళకి పిల్లలు ఎదురుగా కూర్చోగానే ఉపన్యాసం వచ్చేస్తుంది, నేను ఎంత కష్టపడి పైకొచ్చానో తెలుసా అని మొదలవుతుంది. ఇద్దరిద్దర్ని కూర్చోబెట్టి ఒకర్ని పిల్లాడిగా అనుకుని పది నిమిషాలు మాట్లాడించండి, మెంటర్ గా ఉన్నవాళ్ళు ప్రశ్నలే వెయ్యాలి, సలహా ఒక్కటీ ఇవ్వకూడదు. మొదట ఎవరికీ చేతకాదు, రెండోసారికి వస్తుంది. "ఎందుకు చదవట్లేదు" అనే బదులు "నిన్న సాయంత్రం బడి నుంచి వచ్చాక ఏం చేశావు, ఒక్కోటీ చెప్పు" అంటే పిల్లాడు చెప్తాడు, నీళ్ళు పట్టడం, కండెలు చుట్టడం, చెల్లిని ఎత్తుకోవడం, అన్నీ చెప్పాక చదువుకి టైమ్ ఎక్కడ మిగిలిందో ఇద్దరికీ కనపడుతుంది.

ఈ సందర్భంలో గిడుగు రామమూర్తి గారిని తలుచుకోవాలి. 1880లో పర్లాకిమిడికి మాస్టారుగా వచ్చారు, చుట్టుపక్కల సవరల భాష తను ముందు నేర్చుకుని, తర్వాత వాళ్ళ పిల్లలకి వాళ్ళ భాషలోనే చెప్పడానికి బడులు పెట్టించారు. మన ఊళ్ళోనే జరిగిన పని ఇది. మనం కూడా పిల్లాడు ఇంట్లో మాట్లాడే తెలుగులోనే మొదలుపెట్టి, పుస్తకంలో ఉన్న ఒడియాకి తీసుకెళ్ళాలి, మొదటి నిమిషం నుంచే ఒడియాలోనో ఇంగ్లీషులోనో ప్రశ్నలు వేస్తే వాడు నోరు కట్టేసుకుంటాడు. గజపతి, రాయగడ వైపు మీ జాబితాలో సవర పిల్లలు ఉంటే వాళ్ళ భాష వచ్చిన మెంటర్ ని వెతకండి.

తెలుగు మీడియంలో చదువుకున్న పెద్దవాళ్ళు లెక్కలు చెప్పేటప్పుడు ఒక ఇబ్బంది వస్తుంది, మనం క.సా.గు. అంటాం, పిల్లాడి పుస్తకంలో ల.సా.గు. అని ఉంటుంది, భిన్నం అంటే తెల్లమొహం వేస్తాడు, భగ్నాంశ అంటే టక్కున చేస్తాడు. ఏడు, ఎనిమిది క్లాసుల లెక్కల పుస్తకం తీసుకుని ఇలాంటి మాటలన్నీ రెండు భాషల్లో ఒక చార్టు మీద రాసి గోడకి అంటించేయండి, ఒక ఆదివారం పని.

మొదటి శనివారం, ఆ తర్వాత

మొదటి నెలంతా అందరూ గ్రూపుగా కలవండి. జతలు ముందే పెట్టేయకండి. క్యారమ్స్, చెస్, మూఢీ మిక్చర్, కాసేపు హోంవర్క్, అంతే. ఎవరి పక్కన ఎవరు వాళ్ళంతట వాళ్ళే వెళ్ళి కూర్చుంటున్నారో కోఆర్డినేటర్ చూస్తూ ఉండాలి. నెలాఖరుకి పిల్లల్ని విడిగా "నీకు ఎవరితో బాగుంటుంది" అని అడిగి అప్పుడు జత కలపండి.

జత అయ్యాక గంటన్నరని ఇలా నడపొచ్చు. వచ్చీరాగానే తినడానికి ఏదైనా, ఎందుకంటే చాలామంది మధ్యాహ్నం బళ్ళో తిన్నదే, సాయంత్రానికి కడుపు కాలుతూ ఉంటుంది, ఘుగునీయో ఉడకబెట్టిన శనగలో అరటిపండో చాలు. తింటున్నప్పుడే వారం కబుర్లు. తర్వాత నలభై నిమిషాలు చదువు, అందులోనూ పిల్లాడు తెచ్చిన సందేహమే ముందు. మీరు ఎక్స్‌ట్రా ట్యూషన్ మాస్టారు కాదు, సిలబస్ పూర్తి చేయడం మీ పని కాదు, ఒక లెక్క దగ్గర ఆగిపోతే దాని వెనక ఎక్కడ ఆగిపోయాడో వెతకడం మీ పని. ఎనిమిదో క్లాసు బీజగణితం రాదు అన్న పిల్లాడి దగ్గర కూర్చుని వెనక్కి వెళ్తూ పోతే మైనస్ లోంచి మైనస్ తీసేయడం దగ్గర ఇరుక్కుని ఉంటాడు, అది రెండు వారాలు చేయిస్తే మిగతాది వాడే లాక్కొస్తాడు. చివర్లో పావుగంట గట్టిగా చదివించండి, ఒడియా పేపరో, తెలుగు కథో ఏదైనా, ఆడుతూ పాడుతూ తెలుగు అక్షరాలు కూడా నేర్పొచ్చు, బలవంతం మాత్రం వద్దు.

మొదటి రెండు మూడు నెలలు ఏం అడిగినా "ఏటీ లేదు సార్" అనే వస్తుంది. కంగారు పడకండి, వాడు చూస్తున్నది మీరు చెప్పే మాటల్ని కాదు, వచ్చే శనివారం మీరు వస్తారా రారా అన్నది. రాలేకపోతే శుక్రవారమే వాళ్ళమ్మకి ఫోన్ చేయండి, చెప్పకుండా మానకండి, ఎంత పనున్నా సరే.

ప్రతి మెంటర్ దగ్గర ఒక నోటుపుస్తకం ఉండాలి, తారీఖు, ఎంతసేపు, ఏం చేశాం, వచ్చే వారానికి ఏం అనుకున్నాం, నాలుగే లైన్లు. ఇంట్లో గొడవల్లాంటివి అందులో రాయకండి, కోఆర్డినేటర్ కి నోటితో చెప్పండి.

మన వైపు క్యాలెండర్

ఏప్రిల్ నుంచి జూన్ దాకా ఎండలు, సాయంత్రం కాకుండా పొద్దున ఏడుకి పెట్టుకోండి. బరంపురంలో రెండేళ్ళకోసారి బుఢీ ఠాకురాణి యాత్ర వస్తుంది, ఆ నెల్లాళ్ళూ ఊరంతా వేషాలు, మొక్కులు, అమ్మవారి పనుల్లో ఉంటుంది, అప్పుడు క్లాసులు పెట్టి పిల్లలు రాలేదని బాధపడడం అనవసరం, ఆ నెల మెంటర్లే వీధిలోకి వెళ్ళి పలకరించి రండి. అక్టోబర్ తుపాన్ల నెల, 2013లో ఫైలిన్ గోపాల్‌పూర్ దగ్గరే తీరం దాటింది, 2018లో తిత్లీ గజపతి జిల్లాని ఎంత దెబ్బతీసిందో ఇక్కడివాళ్ళకి తెల్సు. అందుకే సెప్టెంబర్ మీటింగ్ లోనే పిల్లల కుటుంబాల ఫోన్ నంబర్లు సరిచూసుకుని, సర్టిఫికెట్లన్నీ ప్లాస్టిక్ కవర్లో పెట్టించి, కాపీలు తీయించి ఉంచండి. డిసెంబర్ నుంచి పదో క్లాసు వాళ్ళకి వారానికి రెండుసార్లు.

స్కాలర్‌షిప్, కాగితాలు

ఎన్.ఎం.ఎం.ఎస్. అని కేంద్రం ఇచ్చే స్కాలర్‌షిప్ ఉంది. ప్రభుత్వ, ఎయిడెడ్ స్కూళ్ళలో ఎనిమిది చదివేవాళ్ళు రాయొచ్చు, ఇంటి ఆదాయం ఏడాదికి 3.5 లక్షలు దాటకూడదు, ఏడులో 55 శాతం మార్కులు ఉండాలి, ఎస్సీ ఎస్టీలకి 5 శాతం సడలింపు. వస్తే తొమ్మిది నుంచి పన్నెండు దాకా ఏడాదికి 12,000 రూపాయలు పిల్లల ఖాతాలోనే పడతాయి. రెండు పేపర్లు, ఒకటి బుద్ధికి పదును పెట్టే రీజనింగ్, ఒకటి పాఠాలు, ఒక్కో దాంట్లో 90 ప్రశ్నలు, 90 నిమిషాలు. అంటే ప్రశ్నకి నిమిషం. మన పిల్లలకి చాలామందికి తెలివి లేక కాదు, ఇలాంటి పరీక్ష చూడక పోతుంది, కాబట్టి రెండు నెలల ముందు నుంచి వారానికో పేపర్ గడియారం పెట్టి చేయించండి. ఈ పని గ్రూపుగా చేయొచ్చు, బదిలీలు ఉన్న మెంటర్లు ఇక్కడ బాగా పనికొస్తారు.

కాగితాల దగ్గర మనవాళ్ళు ఎక్కువ నష్టపోతారు. ఆధార్ లో ఇంటిపేరు ముందు, స్కూల్ రికార్డులో ఇంటిపేరు వెనక, బ్యాంకు పుస్తకంలో పొడి అక్షరాలు, మూడూ మూడు రకాలుగా ఉంటే డబ్బు మంజూరైనా ఖాతాలో పడదు. ఎనిమిదో క్లాసులో ఉండగానే ఈ మూడూ పక్కపక్కన పెట్టి చూడండి, పదో క్లాసు బోర్డు సర్టిఫికెట్ వచ్చాక మార్చడం చాలా కష్టం. కులం సర్టిఫికెట్ సంగతి కూడా, ఆంధ్రా జాబితాలో ఉన్నంత మాత్రాన ఒడిశాలో చెల్లదు, ఏ రాష్ట్రం జాబితా ఆ రాష్ట్రానిదే, ఇచ్ఛాపురం లోనో పాతపట్నంలోనో ఉన్న చుట్టాలకి వచ్చింది కాబట్టి మనకీ వస్తుంది అనుకోకుండా తహసీల్దార్ ఆఫీసులో ముందే కనుక్కోండి. క్లబ్బులో లాయర్ గారో రిటైర్డ్ రెవెన్యూ ఉద్యోగో ఉంటే ఆయనకి ఈ ఒక్క బాధ్యత అప్పగించండి, మెంటరింగ్ కి టైమ్ లేదన్న మెంబర్ కూడా ఇది సంతోషంగా చేస్తారు.

డబ్బు

ఎక్కువ పట్టదు. తినుబండారాలు, నోటుపుస్తకాలు, జెరాక్స్ లు, పరీక్షకి వెళ్ళేటప్పుడు ఆటో. వేరే ఖాతా, ఇద్దరి సంతకాలు, నెల నెలా లెక్క పని మీటింగ్ లో చదవాలి. మెంటర్ తన చేత్తో పిల్లలకి గానీ ఇంటికి గానీ డబ్బు ఇవ్వకూడదు, ఎంత జాలేసినా సరే, ఒకసారి ఇస్తే ఆ బంధం మారిపోతుంది, అవసరం నిజమైతే క్లబ్బుకి చెప్పండి, క్లబ్బు నేరుగా స్కూలుకో ఆస్పత్రికో కడుతుంది.

ఒక జత ఆగిపోవాల్సి వస్తే

బదిలీలు వస్తాయి, ఒంట్లో బాగోదు, కుటుంబం సూరత్ వెళ్ళిపోతుంది. అప్పుడు ఫోన్ లో చెప్పేసి వదిలేయకండి. మూడు వారాల ముందు చెప్పాలి, కొత్త మెంటర్ ని రెండో వారం పాత మెంటర్ తోనే కూర్చోబెట్టాలి, మూడో వారం పిల్లాడు ఇన్నాళ్ళలో ఏం నేర్చుకున్నాడో ఇద్దరూ కలిసి నోటుపుస్తకం తిరగేసి చూడాలి. పిల్లాడికి ఒక మాట స్పష్టంగా చెప్పాలి, "నేను వెళ్తున్నది నా ఉద్యోగం వల్ల, నీ వల్ల కాదు నాన్నా" అని. మనకి ఇది చెప్పక్కర్లేదు అనిపిస్తుంది, పిల్లలు మాత్రం ఎప్పుడూ తమ తప్పే అనుకుంటారు. కుటుంబమే వెళ్ళిపోతుంటే టీసీ, మార్కుల కాపీలు చేతికిచ్చి, అక్కడ ఏ స్కూల్లో చేరారో కనుక్కునేదాకా ఆ నంబర్ ని మినిట్స్ లోంచి తీసేయకండి.

పది అయ్యాక

ఒడిశాలో ప్లస్ టూ, ఐటీఐ, డిప్లొమా అడ్మిషన్లు శామ్స్ పోర్టల్ ద్వారా జరుగుతాయి. రిజల్ట్ వచ్చాక పోర్టల్ లో కాలేజీల వరస ఎలా పెట్టారన్న దాని మీదే సీటు ఆధారపడుతుంది, ఇంటర్‌నెట్ షాపులో హడావిడిగా నింపించిన ఫారాల వల్ల బరంపురం పిల్లకి ఎక్కడో దూరాన సీటు వచ్చి, ఇంట్లో పంపక, అక్కడితో చదువు ఆగిపోవడం జరుగుతుంది. రిజల్ట్ కి ముందే పిల్లల్ని ఒకరోజు బరంపురంలోనే ఉన్న ఖల్లికోట కాలేజీకి, ఐటీఐకి, ఉమాచరణ్ పట్నాయక్ ఇంజనీరింగ్ స్కూల్ కి తీసుకెళ్ళి చూపించండి, వర్క్‌షాపులో లేత్ మెషిన్ చూసి కళ్ళు పెద్దవి చేసుకునే పిల్లాడికి ప్లస్ టూ సైన్స్ కంటే ఐటీఐయే నచ్చొచ్చు, అదేం తక్కువ కాదని వాళ్ళ నాన్నకి కూడా చెప్పాలి, నాన్న ఊళ్ళో లేకపోతే ఫోన్ లో చెప్పాలి. ఫారం నింపే రోజు మెంటర్, పిల్ల, అమ్మ ముగ్గురూ పక్కపక్కన కూర్చుని నింపండి, బస్సు ఖర్చు ఎంత, హాస్టల్ ఉందా, ఇంటికి ఎన్నింటికి చేరతారు, ఇవన్నీ అడిగి వరస పెట్టండి, ప్రింట్ తీసి ఒకటి ఇంట్లో, ఒకటి క్లబ్బు ఫైల్లో పెట్టుకోండి. అడ్మిషన్ అయి కాలేజీకి వెళ్ళడం మొదలయ్యాక మూడు నెలల పాటు నెలకోసారి ఫోన్ చేస్తూ ఉండండి, కొత్త చోట మానేసేది ఎక్కువగా ఆ మూడు నెలల్లోనే.